ఇల్లు బాగుచేసి చూడు

(కొత్తగా తల్లిదండ్రులైనవారి కోసం, కాబోతున్నవారి కోసం జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకి ముందు అరగంట నాకిచ్చారు. మన సభల్లో ఆ అరగంట ఎవరికిస్తారో మీకందరికీ తెలుసు. గుత్తివంకాయ వాసన వస్తుండగా నా మాటలు ఎవరు వింటారన్న అనుమానం నాకూ ఉంది. అయినా ఈ సంగతి చెప్పాలని నేనే అడిగి ఈ టైము తీసుకున్నాను.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలు అమెరికా రాలేదు. వచ్చి ఉంటే మూడోది ఒకటి కలిపేవారు. చంటిపిల్ల ఉన్న ఇంటిని సొంత చేతులతో బాగుచేసి చూడు అని.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. నేను సివిల్ ఇంజనీరుని కాను. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివాను. పొట్టకూటికి సాఫ్ట్‌వేర్. మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో మా చేత రెండు చెక్కముక్కలు కోయించి ఒక దాంట్లో ఒకటి ఇమిడేలా అతికించమనేవారు. నాది ఇమడలేదు. పక్కవాడిది చూపించి మార్కులు వేయించుకున్నాను. నా వడ్రంగం చదువు అంతవరకే.

మా నాన్నగారు 1988లో బందరులో ఇల్లు కట్టించారు. కట్టించారు అన్నానే గాని, కట్టారు అనలేదు. గమనించండి. మేస్త్రీ కట్టాడు. మా నాన్నగారి పని సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, మేస్త్రీకి టీ తెప్పించడం, మేస్త్రీ రాని రోజు అతని ఇంటికి వెళ్ళి బతిమాలడం. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక గోడలు తడపడం నా పని. సుత్తి పట్టుకున్న మనిషిని మా వంశంలో నేను చూడలేదు.

ఇక్కడికి వచ్చాక కథ తిరగబడింది. ఇక్కడ మేస్త్రీని పిలిస్తే, అతను వచ్చి గోడ వంక చూసి ఒక అంకె చెప్తాడు. ఆ అంకె విన్నాక మనకే సుత్తి పట్టుకోవాలనిపిస్తుంది. పక్కింటి రిటైర్డ్ పెద్దమనిషి డెబ్బై ఏళ్ళ వయసులో తన డెక్ తానే కట్టుకుంటుంటే, ఇంజనీరింగ్ చదివిన నాకు సిగ్గేసింది. శనివారం పొద్దున్నే హోం డిపోకి వెళ్ళడం, యూట్యూబ్ చూడడం, మళ్ళీ హోం డిపోకి వెళ్ళి పొద్దున కొన్నది వాపసు ఇచ్చి సరైన సైజు తెచ్చుకోవడం. మీలో చాలామంది నవ్వుతున్నారు. మీరూ నా జాతే.

నిజం చెప్పాలంటే అందులో గొప్ప ఆనందం ఉంది. రోజంతా కంప్యూటర్ ముందు చేసే పని చేతికి తగలదు, కంటికి కనపడదు. అదే డ్రైవాల్‌కి పడ్డ కన్నం పూడ్చి, మడ్డు మూడుసార్లు పూసి, ఆరాక రుద్ది రంగు వేస్తే, మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో వచ్చి ఆ గోడ చూసుకోవచ్చు. గోడ లోపల కర్రలు పదహారు అంగుళాలకి ఒకటి చొప్పున ఉంటాయని తెలిసిన రోజున, నాకు ఏదో రహస్యం చిక్కినట్టు అనిపించింది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా గోడ మీద తట్టి చూసేవాణ్ణి.

2016 డిసెంబరులో న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం. 1951లో కట్టిన కేప్ కాడ్ ఇల్లు. కింద రెండు గదులు, పైకప్పు వాలులో ఒక గది. స్కూళ్ళు మంచివి, ధర మా అందుబాటులో ఉంది, ఇల్లు మాత్రం పాతది. అప్పటికి మా ఆవిడకి నాలుగో నెల. పెళ్ళయిన పదేళ్ళకి వచ్చిన కడుపు. ఆ పదేళ్ళ సంగతి ఈ సభలో వద్దు గాని, ఆ పాప కోసం ఆ ఇంటిని అద్దంలా చెయ్యాలని నేనెందుకు అంత పట్టుబట్టానో అర్థం కావడానికి చెప్పాను.

ఫ్రిజ్ మీద లిస్టు అంటించాను. ఇరవై మూడు ఐటాలు. ఒక్కోదానికి ఎస్టిమేట్ రాశాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలుసు, మన ఎస్టిమేట్ల సంగతి. డెలివరీ డేటు మాత్రం ఈసారి మేనేజర్ చేతిలో లేదు, నా చేతిలో లేదు. మే రెండో వారం అని డాక్టరు చెప్పేసింది.

లిస్టులో ఒకటో నంబరు మేడ మీద గది. పాప గది. దానికి పాతకాలపు చెక్క కిటికీలు రెండు. పొరలు పొరలుగా రంగు పట్టి, ఎత్తితే ఎత్తుకోవు, దించితే దిగవు.

అప్పుడే అమ్మ ఫోన్‌లో అంది. "ఒరేయ్, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా మేకు కూడా కొట్టకూడదురా. ఇంటి పని పెట్టుకోకు. పురుడు వెళ్ళాక చూసుకుందువుగాని." ఇది మన ఇళ్ళలో పాత మాటే. భార్య గర్భవతిగా ఉన్నప్పుడు భర్త ఇల్లు కట్టడం మొదలెట్టకూడదంటారు, కొన్ని కుటుంబాల్లో క్షవరం కూడా మానేస్తారు. నేను నవ్వాను. "అమ్మా, ఇక్కడి మేకులకి మన శాస్త్రాలు తెలియవు" అన్నాను. జోకు బాగా పేలిందనుకున్నాను.

ఫిబ్రవరిలో నాలుగు శనాదివారాలు ఆ కిటికీలు రుద్దాను. కరెంటు శాండర్‌తో. బయట చలి గనక కిటికీ తెరవలేదు. నేను మాస్కు పెట్టుకున్నాను. గది తలుపు వెయ్యలేదు. తెల్లటి పొడి గది నిండా పొగమంచులా లేచింది. ఫర్నేస్ తిరుగుతూనే ఉంది. మామూలు షాప్ వాక్యూమ్‌తో ఊడ్చాను. ఆరో నెల కడుపుతో మా ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి నాకు టీ తెచ్చి ఇచ్చింది. ఆ పొడిలోనే కాసేపు నిలబడి, "గది బాగా వచ్చిందండీ" అంది.

ఆ టీ కప్పు నాకు ఇప్పటికీ కనపడుతూ ఉంటుంది.

ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. మేలో పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల. మీకందరికీ తెలిసిన సంతోషమే గనక అక్కడ ఆగను. ఇరవై మూడులో పద్నాలుగు ఐటాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆగస్టులో నాకు మళ్ళీ పూనకం వచ్చింది. వంటిల్లు. రెండు వారాంతాలు అని రాశాను. నవంబరు దాకా పట్టింది. సింకు ఊడబీకాక పాప పాలసీసాలు స్నానాలగదిలో కడిగాం. అమ్మ బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన హాట్ ప్లేట్ పెట్టుకుని మా ఆవిడకి వేపుడు కారం, వెల్లుల్లిపొడి చేసి పైకి మోసుకొచ్చేది. "బందరులో కిరసనాయిలు స్టవ్వు మీద మొదలెట్టాను కాపురం, మళ్ళీ అక్కడికే తెచ్చావు" అంది గాని ఇంకొక్క మాట అనలేదు. వంటిల్లు పూర్తి కాకుండానే అక్టోబరులో ఆవిడ తిరుగు ప్రయాణమైంది.

ఒక రాత్రి పదిన్నరకి నేను బేస్‌మెంట్‌లో టైల్స్ కోస్తున్నాను. పైన పాప ఏడుస్తోంది. రంపం చప్పుడులో నాకు వినపడలేదు. వినపడలేదని చెప్పాను. మా ఆవిడ పాపని భుజాన వేసుకుని మెట్ల మీద వచ్చి నిలబడింది. "మీరు పాప కోసం ఇల్లు బాగుచేస్తున్నారా, పాప నుంచి తప్పించుకోడానికి బాగుచేస్తున్నారా?" అని అడిగింది. కోపంగా కూడా కాదు. తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

ఇక్కడున్న మగవాళ్ళతో ఒక్క మాట. మూడు నెలల పిల్ల ఎందుకు ఏడుస్తుందో మనకి అర్థం కాదు. టైలు ఎందుకు సరిగ్గా కూర్చోలేదో అర్థమవుతుంది. ఒక దగ్గర చేతకానివాళ్ళం, ఇంకో దగ్గర మొనగాళ్ళం. ఎక్కడ ఉండాలనిపిస్తుంది? పైగా ఆ రెండో చోట ఉంటే త్యాగం చేస్తున్నట్టు కూడా కనపడుతుంది. నేను చేసింది అదే. ఆవిడ అడిగిన దానికి ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

న్యూజెర్సీలో పిల్లలందరికీ ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్ళప్పుడు ఒకసారి రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చెయ్యాలని చట్టం. 2018 మేలో మా పాపకి చేశారు. ముందు వేలి మీద గుచ్చి తీశారు. ఎక్కువ చూపించిందని చేతి నరం నుంచి మళ్ళీ తీశారు. డెసిలీటరుకి 7 మైక్రోగ్రాములు. అప్పట్లో సి.డి.సి. వారు హద్దుగా పెట్టుకున్న అంకె 5. 2021 అక్టోబరులో దాన్ని 3.5కి దించారు. అది ప్రమాదం లేదని చెప్పే హద్దు కాదు, పట్టించుకోవలసిన పిల్లలు వీళ్ళని గుర్తుపట్టే గీత మాత్రమే. పిల్లలకి ఇంతవరకు ఫరవాలేదు అనదగిన అంకె సీసానికి లేనే లేదని డాక్టరు చెప్పింది.

సీసం చేసే పని ఏమిటో క్లుప్తంగా చెప్తాను. మెదడు పెరిగే వయసులో అది మెదడుకి తగులుతుంది. చదువు, నిలకడ, మాట, వీటి మీద పని చేస్తుంది. పైకి ఏ లక్షణమూ కనపడకపోవచ్చు. పిల్ల ఆడుతూనే ఉంటుంది. మింగిన సీసాన్ని పెద్దవాళ్ళ ఒంటికన్నా పసిపిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. తల్లి రక్తంలో ఉంటే కడుపులో బిడ్డకీ చేరుతుంది. ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. రక్తంలోంచి సీసాన్ని లాగేసే మందులు ఉన్నాయి గాని, అవి మామూలుగా 45 దాటినవాళ్ళకే. 7 ఉన్న పిల్లకి మందు లేదు. అది వచ్చే దారి ఎక్కడుందో వెతికి మూసెయ్యడమే వైద్యం.

ఆరోగ్యశాఖ నుంచి ఒక నర్సు ఇంటికి వచ్చింది. అప్పుడు మా అత్తగారు ఉన్నారు మా దగ్గర. నర్సు మొదట అడిగింది రంగుల గురించి కాదు. పాపకి కాటుక పెడతారా? కుంకుమ ఎక్కడిది? పసుపు ఇండియా నుంచి తెచ్చుకున్నారా? ఇత్తడి గిన్నెల్లో వండుతారా? మా అత్తగారికి ముఖం ఎర్రబడింది. "మా పసుపుకి వంక పెడుతుందేవిటి ఈ అమ్మాయి? ఆ కాటుక నేను ఆముదం దీపం మీద నా చేత్తో పట్టాను" అన్నారు. నేను అనువాదం చేస్తూ సగం మింగేశాను. కాని నర్సు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దుకాణంలో అమ్మే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే మోసం మన ఉపఖండంలో ఉన్నదే. మీ ఇంట్లో ఎవరైనా ఇలా అడిగితే దయచేసి కోపం తెచ్చుకోకండి, డబ్బాలు తెచ్చి ముందు పెట్టండి. మా పసుపు, మా అత్తగారి కాటుక రెండూ నిర్దోషులుగా తేలాయి. ఆవిడ ఆ రోజు సాయంత్రం పాయసం చేశారు.

దోషి మేడ మీద ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ చిన్న తుపాకి లాంటి యంత్రం తెచ్చి గోడలకి, కిటికీలకి ఆనించి చూశాడు. కిటికీ చట్రాల్లో సీసం. తడిగుడ్డతో కిటికీ గట్టు మీద, నేల మీద, ఫర్నేస్ గాలి వచ్చే కంతల దగ్గర తుడిచి పరీక్షకి పంపాడు. అన్నిచోట్లా ఆ పొడే. పాప అప్పుడప్పుడే నిలబడుతోంది. ఏం పట్టుకుని నిలబడేదో తెలుసా? నేను రుద్ది నున్నగా చేసిన ఆ కిటికీ గట్టు. పట్టుకుని, చేతులు నోట్లో పెట్టుకునేది.

అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసం 1978లో నిషేధించారు. ఇ.పి.ఎ. లెక్క ప్రకారం 1940కి ముందు కట్టిన ఇళ్ళలో నూటికి 87, 1940-59 మధ్య కట్టినవాటిలో 69, 1960-77 మధ్య కట్టినవాటిలో 24 ఇళ్ళకి సీసం రంగు ఉంది. గోడ మీద కదలకుండా, పెచ్చులూడకుండా ఉన్నంతకాలం దాని పాటికి అది ఉంటుంది. రుద్దితేనే భూతం లేచేది. చెక్క కిటికీ అయితే రోజూ ఎత్తి దించే ఒరిపిడికే కొంత రాలుతుంది.

ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదని అందామనుకున్నాను. ఇల్లు కొన్న కాగితాల ఫైలు తీశాను. 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు సీసం గురించి తమకి తెలిసింది అమ్మేవాళ్ళు రాసి ఇవ్వాలి, ఒక చిన్న పుస్తకం ఇవ్వాలి, పరీక్ష చేయించుకోడానికి కొనేవాడికి పది రోజులు గడువివ్వాలి. ఇది 1996 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన. పుస్తకం ఫైల్లోనే ఉంది, మడత కూడా విప్పకుండా. "పది రోజుల అవకాశం నాకు అక్కర్లేదు" అన్న గడిలో నా పొడి అక్షరాలు, నా చేతిరాత. ఆఫీసులో ఒక్క లైను కోడు ముగ్గురు చూడకుండా పైకి పోనివ్వని మనిషిని. ఆ రోజు టకటకా పేజీలు తిప్పి సంతకాలు పెట్టేశాను.

ఇంకొకటి. 1978కి ముందు ఇళ్ళలో రంగు కదిలించే పని చేసే కాంట్రాక్టర్లకి 2010 ఏప్రిల్ నుంచి ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. ప్లాస్టిక్ పరదాలు కట్టాలి, హెపా వాక్యూమ్ వాడాలి. సొంత ఇంట్లో సొంతంగా చేసుకునేవాడికి ఆ నిబంధన వర్తించదు. ఏ మేస్త్రీ చెప్పిన అంకె ఎక్కువని నేను సుత్తి పట్టానో, ఆ అంకెలో ఆ పరదాల ఖరీదు కూడా ఉంది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. నేను చెప్పానా అంటుందేమోనని ఎదురుచూశాను. "సీసం అంటే వలలకి కడతారే, అదా? అది పిల్లకెట్లా అంటుకుందిరా?" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పిల్ల అన్నం తింటోందా?" అని అడిగింది. అంతే.

అమ్మకి సీసం సంగతి తెలియదు. ఆ పాత ఆచారం పెట్టినవాళ్ళకీ తెలిసి ఉండదు. ఆచారాలన్నిటి వెనకా సైన్సు ఉందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నేను నమ్మను, ఇప్పుడూ నమ్మను. కాని ఆ ఆచారం పుణ్యమా అని నేను నాలుగు నెలలు ఊరుకుని ఉంటే, నా కూతురు ఆ పొడి తినేది కాదేమో. ఎగతాళి చేసేముందు "ఎందుకమ్మా?" అని ఒక్కసారి అడిగి ఉండవలసింది. ఆవిడ, "ఇంట్లో దుమ్ము, చప్పుడు, కడుపుతో ఉన్న పిల్లకి మంచిది కాదురా" అని ఉండేది. ఆ మాట చాలు కదా ఇంజనీరుకి.

తర్వాత ఏం చేశామంటే, అన్నీ ఆపేశాం. లిస్టు చింపేశాను. పాపని కింద గదిలోకి మార్చాం. సర్టిఫికెట్ ఉన్న మనుషులు వచ్చి కిటికీలు మార్చి, ఇల్లంతా తుడిచి, మళ్ళీ ధూళి పరీక్ష చేశారు. నా శ్రమ ఖరీదు కలపకపోయినా, నేను మిగిల్చాననుకున్న దానికి మూడింతలైంది. నేల రోజూ తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. బొమ్మలు కడిగేవాణ్ణి. తిండికి ముందు పాప చేతులు కడగడం నా డ్యూటీ. చెప్పులు బయట విడిచే అలవాటు మనకి ఎలాగూ ఉంది, నర్సు దాన్ని మెచ్చుకుంది. ఇనుము, కాల్షియం తగినంత ఉంటే ఒళ్ళు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. అందుకని రాగి జావ, పాలకూర పప్పు, మీద నిమ్మకాయ. మా అత్తగారు ఆ డిపార్ట్‌మెంట్ చేతిలోకి తీసుకున్నారు. ఆగస్టులో 5 వచ్చింది. రెండేళ్ళు నిండాక 3.

ఆ ఏడాదిలోనే పాప ఎందుకు ఏడుస్తుందో నాకు తెలియడం మొదలైంది. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, ఊరికే ఎత్తుకోమనే ఏడుపు. సాయంత్రాలు చేతిలో సుత్తి లేదు కదా మరి.

పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు దాటాయి. బాగా చదువుతుంది, నాకన్నా బాగా వాదిస్తుంది. కాని ఏ ఎక్కమైనా మర్చిపోయిందంటే, చెప్పిన మాట వినకుండా దిక్కులు చూసిందంటే, మిగతా తండ్రులు "పిల్లలంతే" అనుకుంటారు. నేను అలా అనుకోలేను. ఆ 7 ఏం తీసుకుందో, అసలు తీసుకుందో లేదో, ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ లెక్క నాతోనే ఉంటుంది.

మీలో కొత్తగా ఇల్లు కొనబోయేవాళ్ళు, 1978కి ముందుదైతే ఆ పది రోజులూ వదులుకోకండి. పని తప్పదనుకుంటే, కడుపుతో ఉన్నావిడని, పిల్లల్ని పని పూర్తయి ఇల్లు శుభ్రమయ్యేదాకా వేరేచోట ఉంచండి. పిల్ల పుట్టేలోగా చెయ్యవలసినవి నిజంగా కొన్నే. బట్టల బీరువాని గోడ కర్రకి బిగించండి, పిల్లలు సొరుగులు మెట్లనుకుని ఎక్కుతారు. వేడినీళ్ళ హీటరు 120 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దించండి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నాయో లేదో చూడండి. మెట్లకి గేటు పిల్ల పాకేలోగా చాలు. ఇవన్నీ కలిపి ఒక శనివారం పని. గ్రానైటు ఏ రంగుదైనా పాపకి ఒకటే.

ఇండియాలో మన ఇళ్ళ సంగతి కూడా మరిచిపోకండి. మనవలు వస్తున్నారని తాతగారు ఇల్లంతా గీకించి రంగులు వేయిస్తారు. మా నాన్నగారూ వేయించబోయారు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన అక్కడ 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. 1988 నాటి గుమ్మాల మీద ఏముందో ఎవరికి తెలుసు? "గీకించకండి నాన్నా, అలాగే ఉంచండి, మేం వచ్చి వెళ్ళాక చూద్దాం" అన్నాను. వాడికి డబ్బులివ్వడం ఇష్టం లేదని ఆయన అనుకున్నారట.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మా ఆవిడ మూడో వరసలో కూర్చుంది. వంటింట్లో ఒక సొరుక్కి ఇప్పటికీ పిడి లేదు, స్పూన్‌తో లాగి తీస్తాం. నమ్మకం లేకపోతే ఆవిడనే అడగండి.